నెట్టీ ముట్టని గిన్నె

"పదిన్నరకి తీసుకురమ్మన్నారు" అని చెప్పి బెర్నడీన్ ఫోను పెట్టేసింది.

అందరం వంటింట్లో ఉన్నాం. డెన్నీ కాఫీ కప్పులోకి తొంగిచూస్తూ కూర్చున్నాడు. కొరీన్ మాకు వీపు తిప్పి సింకు దగ్గర నిలబడి, అప్పటికే మూడుసార్లు కడిగిన సిరంజిని నాలుగోసారి కడుగుతోంది. నేను రొట్టెముక్కకి వెన్న రాసుకున్నాను. ఇంట్లో నలుగురున్నప్పుడు ఒక్కరైనా తిండి తినాలి కదా.

పదిన్నరకి తీసుకువెళ్ళాల్సింది నెట్టీని. పశువుల డాక్టరు దగ్గరికి. తిరిగి తీసుకురావడానికి కాదు.

నెట్టీ నాలుగేళ్ళ ఆడ ఫెర్రెట్, ముంగిసలా సన్నగా పొడుగ్గా ఉండే పెంపుడు జంతువు. దాన్ని పెంచిన పెద్దాయన పోతే సోమవారం మా బేస్‌మెంట్‌లోకి వచ్చింది. శనివారం తెల్లవారేదాకా సంచిలో వచ్చే ఎండు మేతలో ఒక్క గుళిక కొరకలేదు. గిన్నె ముందు పెడితే ఒకసారి వాసన చూసి, పక్కకి వెళ్ళి ముడుచుకుని పడుకునేది. గుళికల్ని వేడినీళ్ళలో నానబెట్టి, జావ చేసి, సిరంజితో నోట్లో పోస్తే ముప్పాతిక వంతు తువ్వాలు పాలయ్యేది. వచ్చినరోజు తొమ్మిది వందల గ్రాములు తూగింది. ఈ పొద్దున ఏడు వందల ముప్ఫై.

డాక్టరు రక్తం తీసి చూశాడు, ఎక్స్‌రే తీశాడు, ఏమీ కనిపించలేదన్నాడు. ఇక పొట్ట కోసి చూడాలి, లేదంటే బాధ లేకుండా పోనివ్వాలి అన్నాడు. ఇంత నీరసంలో కోస్తే బల్ల మీదే పోతుందని కూడా ఆయనే అన్నాడు.

ఇరవై రెండేళ్ళుగా దిక్కులేని ఫెర్రెట్లకి మా అక్క బెర్నడీనే దిక్కు. మా పార్మా ఊళ్ళో ఎవరికి ఫెర్రెట్ బరువైనా అట్టపెట్టెలో పెట్టి మా గుమ్మంలోకే తెస్తారు. ఇప్పుడు కింద పన్నెండున్నాయి. నేను, అర్లీన్‌ని, ఈ ఇంటి పై అంతస్తులో అద్దె కట్టకుండా ఉంటున్న చెల్లెల్ని. నాకు ఫెర్రెట్లంటే మోజు లేదు. వాటి వాసన నా కోటుకి పట్టుకుని చర్చిదాకా వస్తుంది. ఆ సంగతి ముందే చెప్పేస్తే మంచిది.

కొరీన్ మా అక్క కొడుకు డెన్నీ భార్య. ఈ ఇంట్లో మంట అంటుకున్నది ఆ పిల్ల 'పచ్చి మాంసం' అన్నరోజున. ఫెర్రెట్‌ది మాంసం తినే పుట్టుక, దానికి సంచుల్లో అమ్మే గుళికలేమిటని ఆమె వాదన. ఆ గుళికలు తినే ఇక్కడ నాలుగు వందల ఫెర్రెట్లు బతికాయి, పచ్చి మాంసం గడప దాటితే దానితో పాటు రోగమూ దాటుతుందని మా అక్క వాదన. ఇద్దరి దగ్గరా దొంతరలకొద్దీ కాగితాలున్నాయి. ఇద్దరివీ చదివాను. ఇద్దరూ నిజమే చెబుతున్నారనిపించి ఊరుకున్నాను.

పోయిన నెల కొరీన్ ఎవరికీ చెప్పకుండా ముసలి మగ ఫెర్రెట్ ఆస్కార్‌కి పచ్చి కోడిరెక్క పెట్టింది. ఎముక అంగిట్లో అడ్డం పడింది. డెన్నీ ఎర్రదీపాలు కూడా చూడకుండా కారు తోలాడు. ఆస్కార్ బతికాడు గానీ పచ్చి మాంసమనే మాటకి ఇంట్లో ఆయువు చెల్లింది. అప్పట్నుంచి బేస్‌మెంట్‌కి తాళం, తాళంచెవి మా అక్క జేబులో. గురువారం నాడు అత్తాకోడళ్ళు ఒకరినొకరు అనుకున్నవి మళ్ళీ ఇక్కడ చెప్పను. వాటిని ఒకసారి వినడమే ఎక్కువ.

"మామ్" అంది కొరీన్, సిరంజి వంకే చూస్తూ. "దానికి జబ్బు లేదు."

"నువ్వు డాక్టరువా?"

"డాక్టరే అన్నాడుగా, ఏమీ కనిపించలేదని."

"కనిపించలేదన్నాడు. లేదనలేదు." బెర్నడీన్ కోటు గుండీలు పెట్టుకుంటోంది. ఒక గుండీ తప్పు కన్నంలోకి పోయింది. "ఆకలి రుచెరగదు అమ్మాయ్. ఒంట్లో బాగుంటే ఈపాటికి తినేది. నేను నాలుగు వందలు చూశాను. గిన్నె మానేసిందంటే అది వెళ్ళిపోదామనుకున్నట్టే. దాన్ని బోనులో ఎండగట్టి చంపమంటావా?"

ఆ చివరి మాట దగ్గర మా అక్క కోటు అంచుతో కళ్ళు ఒత్తుకుంది. నేను చూశాను. అటు తిరిగి ఉన్న కొరీన్ చూడలేదు. ఆ రోజు ఆ అమ్మాయి ఒక్కసారి వెనక్కి తిరిగి ఉంటే సగం గొడవ అక్కడే తీరేది.

"ఒక్కసారి, ఒకే ఒక్కసారి..."

"ఆ మాట నా ముందు అనకు."

కొరీన్ మళ్ళీ కొళాయి తిప్పింది. సిరంజిని ఐదోసారి కడిగింది.

శనివారాలు మా చర్చి హాలులో ఆడవాళ్ళందరూ చేరి అమ్మకానికి పియెరోగీలు చేస్తారు. నలభై మంది బల్లల చుట్టూ కూర్చుని, ఉడికిన బంగాళాదుంప ముద్దని పిండిలో పెట్టి అంచులు నొక్కుతారు. తను లేకపోతే అంచులు విడిపోయి మొత్తం నీళ్ళపాలవుతుందని బెర్నడీన్ నమ్మకం. ఇల్లు కూలినా ఎనిమిదింటికి అక్కడ ఉండాల్సిందే. వెళ్తూ వెళ్తూ తాళంచెవి నా చేతిలో పెట్టింది. పదింటికి వస్తానంది. నెట్టీ గోళ్ళు తనే వచ్చి తీస్తానంది. అప్పటిదాకా తాళంచెవి ఎవరికీ ఇవ్వొద్దంది. ఎవరికీ అన్నప్పుడు కొరీన్ వైపు చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడిందో నాకు తెలుసు.

ఈ గోళ్ళ సంగతి చెప్పాలి. మా ఇంటి నుంచి ఏ ఫెర్రెట్ వెళ్ళినా, కొత్తవాళ్ళ ఇంటికైనా సరే, ఆ డాక్టరు బల్ల మీదికైనా సరే, గోళ్ళు తీసి, చెవులు తుడిచి పంపుతుంది మా అక్క. ఎవరూ మాసిన మొహంతో ఈ గడప దాటకూడదు. అది ఆమె పెట్టుకున్న నియమం.

కారు వీధి మలుపు తిరగగానే కొరీన్ వచ్చి నా ఎదురుగా కూర్చుంది. కళ్ళ కింద నల్లగా ఉంది. వారం రోజులుగా ఈ పిల్ల కూడా సరిగా తిన్నట్టు లేదు.

"అర్లీన్ ఆంటీ, గోళ్ళు నేను తీస్తాను."

తనే తీస్తానంది కదా అన్నాను.

"ఆవిడ వల్ల కాదు. సోమవారం నుంచీ దాని పక్కనే కుర్చీలో నిద్రపోతోంది. పదింటికి వచ్చి, నిద్రలేని కళ్ళతో గోళ్ళు తీసి, వెంటనే కారెక్కించాలి. ఆ ఒక్కటీ నన్ను చెయ్యనివ్వండి. మీరూ రండి, పక్కనే నిలబడండి. నా చేతుల్లో ఏమీ లేదు, చూసుకోండి."

నిజంగానే రెండు చేతులూ తిప్పి చూపించింది. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. మధ్యలో తాళంచెవి నా దగ్గర. నేను మా అక్కకి అరవై ఆరేళ్ళుగా చెల్లెల్ని, ఒక్కసారి కూడా మాట దాటింది లేదు. దాటితే ఎలా ఉంటుందో ఆ వయసులో చూడాలనిపించింది కాబోలు, లేచాను.

కింద నెట్టీ దుప్పటి ముక్కలో చుట్టుకుని ఉంది. కొరీన్ ఎత్తి ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టుకుంది. గోళ్ళు తీసేటప్పుడు పొట్ట మీద ఒక చుక్క చేపనూనె వేస్తారు. అది నూనె నాకే పనిలో ఉంటే ఇటు గోళ్ళు కత్తిరించేస్తారు. నెట్టీ ఆ నూనెని నాకలేదు. బలహీనంగా కాళ్ళు తన్నుకుంది. దాంతో కొరీన్ మెడ వెనక తోలు పట్టుకుని పైకెత్తింది. అలా పట్టుకుంటే ఏ ఫెర్రెట్ అయినా ఒళ్ళు వదిలేసి ఇంత నోరు తెరిచి ఆవులిస్తుంది. నెట్టీ ఆవులించింది.

కొరీన్ చేతిలో కత్తెర ఆగిపోయింది.

"ఆంటీ. ఇటు రండి. పళ్ళు చూడండి."

"ఉన్నాయి. కావలసినన్ని ఉన్నాయి."

"తెల్లగా ఉన్నాయి."

నేను కళ్ళజోడు సర్దుకుని చూశాను. బియ్యపు గింజల్లా ఉన్నాయి, వెనక దంతాలు కూడా, చిగుళ్ళ దాకా. అయితే ఏమిటట అన్నాను. కొరీన్ కత్తెర పక్కన పెట్టింది. నెట్టీని నా ఒళ్ళో పడేసి, పక్క బోనులోంచి మేబెల్‌ని తీసుకొచ్చింది. మేబెల్‌కి మూడేళ్ళు. దాని మెడ తోలు పట్టి ఎత్తింది. ఆవులింతలో వెనక పళ్ళు కాఫీ మరకలు పట్టిన కప్పుల్లా కనిపించాయి.

"గుళికలు తినేవాటికి పాచి పడుతుంది. మూడేళ్ళకి ఇలా ఉంటుంది. ఇది నాలుగేళ్ళది." ఆ పిల్ల గొంతు మెల్లమెల్లగా పైకి లేస్తోంది. "ఆంటీ, ఇది జన్మలో గుళిక తినలేదు."

దాన్ని పెంచిన పెద్దాయన రోజూ పళ్ళు తోమాడేమో అన్నాను. నవ్వకండి, అలా తోమేవాళ్ళు ఉన్నారు. పైగా దాన్ని తెచ్చిన మనిషి, ఆ చనిపోయిన పెద్దాయన మేనకోడలు గ్వెన్, గుళికల సంచి కూడా తెచ్చిచ్చి, ఇదే తింటుందని మా ఎదురుగా చెప్పింది. మాట అనేసి ఆ సంచి వంక చూశాను.

సోమవారం నాడు ఆ సంచి పైన కుట్టు విప్పింది మా అక్క. కత్తెర అందించింది నేను. కుట్టు విప్పని సంచిలోంచి ఈ నెట్టీ ముండ ఎలా తిని ఉంటుంది? ఐదు రోజులు ముగ్గురం ఆ సంచి చుట్టూ తిరిగాం. సంచి వచ్చిందంటే అది దాని తిండే అనుకున్నాం. ఇరవై రెండేళ్ళుగా ఈ ఇంటికి వచ్చిన ప్రతి ఫెర్రెట్‌తోనూ ఒక సంచి వచ్చింది మరి.

గ్వెన్‌కి కొరీన్ ఫోను చేసింది. నేను వినేలా పెద్దగా పెట్టింది. ముందు గ్వెన్ ఔను అదే తింటుందండీ అంది. కొరీన్ కోప్పడలేదు. పదిన్నరకి దాన్ని పంపించేస్తున్నామని, నిజం తెలిస్తే తప్ప ఆగదని, ఎవరూ ఏమీ అనరని నెమ్మదిగా చెప్పింది. అవతల తలుపు వేసుకున్న చప్పుడైంది.

"మా మామయ్య చెడ్డవాడు కాదండి" అంది గ్వెన్ చివరికి. "ఒంటరిగా ఉండేవాడు. అంత్యక్రియల రోజు ఐస్ కోసం ఫ్రీజర్ తెరిస్తే నిండా ఎలుకలు. సంచుల్లో పెట్టి, పైన తేదీలు రాసి మరీ. అందరూ చూశారు. నాకు తల కొట్టేసినట్టయింది. అన్నీ పారేశాను. అంగడికి వెళ్ళి ఫెర్రెట్లు ఏం తింటాయని అడిగి ఆ సంచి కొన్నాను. ఇకనైనా దానికి మంచి తిండి దొరుకుతుందనుకున్నాను."

కొరీన్ థాంక్స్ చెప్పి ఫోను ఆపేసి, మెట్ల మీద కూలబడి, చేతుల్లో మొహం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. రెండూ చేస్తోంది.

తర్వాత నాకు విడమరిచి చెప్పింది. ఫెర్రెట్ పిల్లగా ఉన్న కొద్ది నెలల్లో ఏది తింటే అదే తిండి అని దాని ముక్కు గుర్తుగా రాసుకుంటుందట. మిగతావి ఎంత మంచివైనా దానికి తిండి కాదు. మన ముందు గులకరాళ్ళ గిన్నె పెట్టినట్టే. పట్టుపట్టి వారాల తరబడి నేర్పితే మారుతుందట గానీ, ఐదు రోజుల్లో, అందులోనూ కొత్త ఇంట్లో, జరిగే పని కాదు. ఆకలి రుచెరగదు అనే సామెత కట్టినవాడు ఫెర్రెట్‌ని పెంచి ఉండడు.

అప్పటికి తొమ్మిదింపావు. డెన్నీ ఎప్పుడొచ్చాడో మెట్ల పైన నిలబడి ఉన్నాడు. మా డెన్నీ రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. తల్లికీ పెళ్ళానికీ మధ్య కుక్కిన పేనులా ఉండటం అలవాటు చేసుకున్నాడు. వాడు రెండుసార్లు తల్లికి ఫోను చేశాడు. ఫోను కోటు జేబులో, కోటు హాలు కొక్కేనికి, ఆవిడ చేతులు పిండిలో. ఎవరూ ఎత్తలేదు.

"మామ్ వచ్చేదాకా ఆగుదాం" అన్నాడు.

"ఆగి అడిగితే ఏమంటుంది?" అంది కొరీన్.

ఏమంటుందో ముగ్గురికీ తెలుసు.

"డెన్నీ, ఆస్కార్ విషయంలో నాదే తప్పు. కాదనను. ఇది తినకపోతే ఈ జన్మకి మీ అమ్మ ముందు నోరెత్తను. నేనే కారులో పెట్టుకుని తీసుకెళ్తాను. కానీ ఒక్కసారైనా దాని తిండి దాని ముందు పెట్టకుండా చంపితే, నేను ఈ ఇంట్లో ఉండలేను."

బెదిరింపు కాదది. ఉన్నమాట చెప్పినట్టు చెప్పింది. డెన్నీ మొహం చూశాను. అక్క కొడుకు కాబట్టి చెప్పడం కాదు, వాడిలో ఏదో కదిలింది. వెనక్కి తిరిగి వంటింట్లోకి నడిచాడు, వాడి వెనకే మేము. ఫ్రిజ్ తెరిచి నా కోడిని బయటికి తీశాడు.

అవును, అది నా కోడి. ఆదివారం సూప్ కోసం శుక్రవారం నేను కొనుక్కొచ్చిన కోడి. నన్ను అడగలేదు. దాని కడుపులో చెయ్యి పెట్టి, లోపల కాగితంలో చుట్టి ఉంచే పొట్లం లాగాడు. గుండెకాయ, కార్జం, కందనకాయ, మెడ. వేణ్ణీళ్ళ కింద పట్టి చలి విరిచాడు. చల్లటి మాంసాన్ని ఎలుకలకి అలవాటైన ముక్కు పోల్చుకోదని వాడికి ఎవరు చెప్పారో నాకు తెలియదు. అంటే వాడు కూడా కొరీన్ కాగితాలు చదివాడన్నమాట, దొంగ వెధవ.

"గుండె ముందు" అన్నాడు. "సగానికి కొయ్యి. ఎముక వద్దు."

ఆ రోజుకి వాడి కోటాలో సగం అయిపోయింది.

కిందికి వచ్చి నెట్టీని నేల మీద పాత తువ్వాలు పరిచి దింపాం. కొరీన్ గుండె ముక్క దాని ముందు పెట్టి, చేతులు వెనక్కి లాక్కుంది. నెట్టీ కదల్లేదు. కళ్ళు సగం మూసి ఉన్నాయి. అయిపోయింది, ఆలస్యమైపోయింది అనుకున్నాను.

ముక్కు కదిలింది.

అంతే, ముక్కు ఒక్కటే. ముందు అటు, తర్వాత ఇటు. తల లేచింది. మెడ సాగింది. వణుకుతున్న ముందుకాళ్ళ మీద ఒక్కొక్క అడుగూ వేసుకుంటూ వచ్చింది. ముక్కని నోట కరిచి, మా ముగ్గురి వంకా దొంగల్ని చూసినట్టు చూసి, తువ్వాలు మూలకి ఈడ్చుకుపోయింది. తల పక్కకి వాల్చి వెనక పళ్ళతో నమలడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు మా చెవులకి ఎంత తియ్యగా ఉందో చెప్పలేను.

రెండో ముక్క పెడితే కొరీన్ వేలుతో సహా పట్టుకుంది. రక్తం వచ్చింది. కొరీన్ ఆ వేలుని పైకెత్తి మెడల్ వచ్చినట్టు మాకు చూపించింది. కార్జం ముక్క పెట్టాం. అది కూడా పోయింది. తువ్వాలు నాకింది. కాగితం పొట్లాన్ని నాకింది. డెన్నీ పెళ్ళాన్ని ఎత్తి గిరగిరా తిప్పాడు, ఆ తక్కువ ఎత్తు బేస్‌మెంట్‌లో, దీపానికి తల తగిలేలా. నేను ఏడ్చాను. ఒక ఫెర్రెట్ కోసం, నేను. చెప్పుకోవడానికి సిగ్గు లేదు.

ఆ హడావుడిలో కారు చప్పుడు మాకు వినిపించలేదు.

మెట్ల మీద మా అక్క నిలబడి ఉంది. కోటు వేసుకున్నా చేతుల నిండా పిండి. పదింటికి ఇరవై నిమిషాలు ముందే వచ్చేసింది. నేలమీద నెత్తురు మరకల తువ్వాలు, తెరిచిన పొట్లం, నెట్టీ గడ్డం కింద ఎరుపు. ఒక్కొక్కటీ చూసింది. చివరికి నన్ను చూసింది. అరవై ఆరేళ్ళ అక్క చూపు అది, దాని బరువు నాకు తెలుసు.

నెట్టీ ఒక్కటే తువ్వాలు కింద ఇంకేమైనా ఉందేమోనని తవ్వుతోంది.

కొరీన్ ముందుకి వచ్చింది. తనే గెలిచానంటుందేమో, అంటే మాత్రం అంతా చెడిపోతుందని నేను లోపల బిక్కుబిక్కుమంటున్నాను.

"మామ్, దాని పళ్ళు చూడండి" అంది. "ఇంకేం వద్దు. పళ్ళు చూడండి."

బెర్నడీన్ మెట్లు దిగింది. మోకాళ్ళు అరిగిపోయిన మనిషి, నేల మీద కూర్చోవడానికి గోడ పట్టుకుంది. పిండి చేత్తో నెట్టీ మెడ తోలు పట్టి ఎత్తింది. నెట్టీ ఆవులించింది. మా అక్క ఆ నోట్లోకి చూసింది. ఇరవై రెండేళ్ళలో ఎన్ని నోళ్ళు చూసిందో ఆ మనిషి, విప్పి చెప్పాల్సిన పని లేదు.

"ఎలుకలు" అంది కొరీన్. "ఆయన ఎలుకలతో పెంచాడు. గ్వెన్ సిగ్గుపడి దాచింది."

బెర్నడీన్ నెట్టీని ఒళ్ళోకి తీసుకుంది. ఎముకలు తేలిన దాని వీపు మీద చెయ్యి పెట్టింది.

"ఐదు రోజులు" అంది. "ఐదు రోజులు దాని ముందు రాళ్ళు పోశాను. తినలేదని చంపబోయాను."

కొరీన్ ఆమె ఎదురుగా నేల మీద కూర్చుంది. "నేను ఆస్కార్‌కి చేసిందీ అదే మామ్. వాడు తొమ్మిదేళ్ళు గుళికలు తిన్నాడు. పళ్ళు సగం లేవు. వాడికి తెలియని తిండి వాడి నోట్లో పెట్టి, మంచి చేస్తున్నాననుకున్నాను. నాకు నా కాగితాలు కనిపించాయి, వాడు కనిపించలేదు."

నెల రోజులుగా ఆ మాట కోసమే మా అక్క కాచుకుని ఉందని నాకప్పుడు అర్థమైంది. పచ్చి మాంసం మీద కాదు ఆమె కోపం. ఆస్కార్ బతికాడు కదా, ఇంకేమిటి అని ఆ రోజు ఈ పిల్ల అన్న మాట మీద. బెర్నడీన్ చెయ్యి చాపి, కొరీన్ కరిపించుకున్న వేలు పట్టుకుని తిప్పి చూసింది.

"సబ్బుతో కడిగావా?"

"లేదు."

"కడుగు. ఈ నేలంతా బ్లీచ్ పెట్టి తుడవండి. ఎవరి కోడి అది?"

"నాది" అన్నాను.

"మెడ ఉందా ఇంకా?"

ఉందన్నాడు డెన్నీ. ఎముక వద్దన్నది వాడే కాబట్టి నసిగాడు. నాలుగేళ్ళు ఎలుకల్ని ఎముకలతో సహా నమిలినదానికి కోడిమెడ ఒక లెక్కా అంది మా అక్క. కానీ ఖాళీ కడుపు కనుక ఇప్పుడొద్దు, రెండు గంటలాగి కొంచెం పెట్టాలి, ఈలోగా తూచాలి అంది. తూచాం. ఏడు వందల యాభై ఒకటి. కొరీన్ ఆ అంకె చదివి, నమ్మకం లేక మళ్ళీ తూచింది. యాభై ఒకటే.

పదింపావుకి డాక్టరు గారి ఆఫీసు నుంచే ఫోను వచ్చింది, బయల్దేరారా అని. బెర్నడీన్ ఫోను చెవికి పెట్టుకుంది. నెట్టీ ఆమె కోటు చేతిలోకి దూరి, అవతలి గుండీల దగ్గర తల బయటికి పెట్టింది.

"రావడం లేదు" అంది మా అక్క. "లేదమ్మా, పోలేదు. తింటోంది."

అవతలి అమ్మాయి సంతోషపడి ఏదో అడిగింది. మా అక్క కొరీన్ వైపు చూసింది. ఏం అడిగిందో మాకు తెలిసిపోయింది. డెన్నీ నేల తుడవడం ఆపేశాడు.

"పచ్చి మాంసం" అంది బెర్నడీన్, గట్టిగా, హాలులో నలభై మందికి చెప్పినట్టు. "పచ్చి మాంసమే. నేను కాదు, నాకు తోచలేదు. మా కోడలు కనిపెట్టింది. కొరీన్. రాసుకోండి, కొరీన్ సెడ్లాక్."

కొరీన్ బ్లీచ్ బకెట్ పక్కన నిలబడిపోయింది. మొహం ఎర్రబడింది. నవ్వు ఆపుకోవాలని చూసి, ఆపుకోలేక, అలాగే నవ్వేసింది.

ఫోను పెట్టేసి మా అక్క లేవడానికి చెయ్యి చాపింది. డెన్నీ వెళ్ళబోతే వద్దని తలూపి, కొరీన్ చెయ్యి పట్టుకుని లేచింది. లేచాక కూడా ఆ చెయ్యి వదల్లేదు. చివరి బోను దాకా నడిపించుకుపోయింది. అందులో నిన్న వచ్చిన రెండు పిల్లలు, తొమ్మిది వారాలవి, ఒకదాని మీద ఒకటి పడి దొర్లుతున్నాయి. తల్లి పాలు మొన్ననే మానాయి. వాటి ముక్కులు ఇంకా దేన్నీ ఇదే తిండి అని రాసుకోలేదు.

ఖాళీ గిన్నె పట్టుకుని బెర్నడీన్ కోడలి వైపు తిరిగింది.

"చెప్పు. వీటికి ఏం పెడదాం?"

ఇరవై రెండేళ్ళలో ఈ ఇంట్లో మా అక్క ఆ మాట ఇంకొకరిని అడగడం నేను వినలేదు. కొరీన్ గిన్నె అందుకుంది. పిల్లల వంక చూసింది, గుళికల సంచి వంక చూసింది, నా కోడి వంక చూసింది. ఎన్నాళ్ళుగానో నాలుక చివర సిద్ధంగా ఉంచుకున్న జవాబు ఆ పిల్లకి అప్పుడు వెంటనే నోటికి రాలేదు. మేం ముగ్గురం మాత్రం, తొందర లేదన్నట్టు, ఆమె చెప్పేదాకా నిలబడ్డాం.